మిద్దె మీద నుంచి కుప్పం ఎంత దూరం

కుప్పం బస్సు మదనపల్లెలో కదలబోతుండగా సిద్దప్ప ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళో మూతున్న వెదురు బుట్ట, దాని మీద తడిపిన తువ్వాలు. బస్సు కుదిపినప్పుడల్లా బుట్టను రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుంటున్నాడు, నిద్రపోయే బిడ్డను పట్టుకున్నట్టు.

కండక్టర్ టికెట్లు కొడుతూ వచ్చి, దాంట్లో ఏముండాది పెద్దాయనా, కోడా అన్నాడు. పావురమని చెప్తే, అయితే దానికీ ఒక టికెట్ కొడతానని నవ్వాడు.

"కుప్పం నుంచి ఈడికి రెక్కల మీద వచ్చిండాదప్పా ఇది. తిరిగి పొయ్యేదానికే నీ బస్సు ఎక్కింది. సగం కొట్టు," అన్నాడు సిద్దప్ప.

కండక్టర్ నమ్మలేదు. నేను నమ్మాను. నమ్మేవాళ్ళు దొరికితే సిద్దప్ప వదలడు. పుంగనూరు దాటేసరికి ఆయన బతుకు సగం నాకు తెలిసిపోయింది. మిగతా సగం తర్వాత కుప్పంలో వాళ్ళింటికి పోయి, ఆయన భార్య వెంకటలక్ష్మమ్మ, కోడలు సుప్రజ తలా ఒక ముక్క చెప్తుంటే విన్నాను.

సిద్దప్పది చౌడేపల్లె దగ్గర ఒక చిన్న పల్లె. నాయనా అమ్మా ఇద్దరూ కూలికి పోయేవాళ్ళు. పదో తరగతి తప్పాక పుంగనూరులో ఒక దర్జీ దగ్గర కాజాలు కుట్టే పనికి చేరాడు. దర్జీ ఆయనకు బట్టలు కత్తిరించడం నేర్పలేదు గానీ పావురాలు పెంచడం మాత్రం నేర్పాడు. కొన్నేళ్ళకు మదనపల్లెలో ఒక కాలేజీలో అటెండర్ పని దొరికింది. వాళ్ళ వంశంలో నెల జీతం తీసుకున్న మొదటి మనిషి తనేనని సిద్దప్ప ఇప్పటికీ కొంచెం సిగ్గుపడుతూనే చెప్తాడు. పెళ్ళయ్యాక మొగుడూ పెళ్ళాలు ఈశ్వరమ్మ అనే ఆమె ఇంటి పై గదిలో అద్దెకు దిగారు. గది ముందర మిద్దె ఖాళీగా ఉండేది. ఆ మిద్దె మీద పాత చెక్కలతో గూడు కట్టి, దర్జీ ఇచ్చిన జంటతో మొదలుపెట్టాడు. ఆ ఇంట్లోనే కొడుకు మురళి పుట్టి పెరిగి, చదువుకుని, కుప్పంలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ అయ్యాడు. సిద్దప్ప మాత్రం రిటైరయ్యేదాకా ఆ మిద్దె వదల్లేదు.

ఆయన పెంచేవి దూరం నుంచి ఇల్లు వెతుక్కుంటూ వచ్చే రకం. అందరూ ఒక పొరపాటు పడతారని ఆయన బస్సులో నాకు వివరంగా చెప్పాడు. పావురాన్ని మనం ఎక్కడికీ పంపలేం. అది ఎక్కడికీ పోదు. ఇంటికి వస్తుంది, అంతే. ఎంత దూరం తీసుకుపోయి వదిలినా, కళ్ళు తెరిచి మొదట ఏ మిద్దె చూసిందో ఆ మిద్దెకే వస్తుంది.

ఆదివారం వస్తే సిద్దప్పకు అదే పని. పిల్ల పావురాన్ని బుట్టలో పెట్టుకుని బస్సెక్కి పుంగనూరులో వదిలేవాడు. ఆ దూరం దానికి అలవాటయ్యాక పలమనేరు, తర్వాత బైరెడ్డిపల్లె, చివరికి కుప్పం. మదనపల్లెలో మిద్దె మీద వెంకటలక్ష్మమ్మ కాచుకుని ఉండేది. పావురం దిగగానే మిస్డ్ కాల్ ఇచ్చేది. సిద్దప్ప కుప్పం బస్టాండులో టీ తాగి తిరుగు బస్సెక్కి బైరెడ్డిపల్లెకు వచ్చేలోపే ఆయన జేబులో ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయేది. ఆ ఒక్క మోతతో బస్సులో ఉన్నవాళ్ళందరికన్నా తనే ముందు ఇల్లు చేరినట్టు ఉండేదట ఆయనకు.

ఇంత సంసారంలో మొగుడూ పెళ్ళాలకు తప్పకుండా జగడమయ్యేది ఒకే ఒక్క విషయంలో. వదిలే రోజు పావురానికి మేత పెట్టకూడదు. ఆకలుంటేనే దానికి ఇల్లు గుర్తొస్తుందనేది దర్జీ నేర్పిన మొదటి పాఠం. ఊరికి పోయే మనిషికి సద్ది కట్టిస్తాం, దీన్ని మాత్రం మాడ్చి పంపాలా అని వెంకటలక్ష్మమ్మ ప్రతి ఆదివారమూ అడిగేది. ప్రతి ఆదివారమూ సిద్దప్ప ఆ దర్జీ మాటే చెప్పేవాడు.

ఆయన చేతిలో పెరిగిన వాటిల్లో మచ్చది వేరు. బూడిద రంగు పెట్ట, మెడ కింద అరచేతిలో చుక్క పెట్టినంత తెల్లమచ్చ. ఒకసారి దాన్ని కుప్పంలో వదిలిన కాసేపటికే గాలీ వానా వచ్చింది. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు ఉదయం వెంకటలక్ష్మమ్మ బట్టలు ఆరేద్దామని మిద్దెక్కితే గూటి ముందర నిలబడి ఉంది, తోకలో సగం ఈకలు లేవు. గద్ద గోళ్ళలోంచి తప్పించుకుని ఉంటుందని సిద్దప్ప అన్నాడు. అప్పట్నుంచి దాన్ని ఆయన అంత దూరం తీసుకుపోయి వదల్లేదు.

ఆయన రిటైరయ్యేనాటికి మురళి కుప్పంలో సొంతంగా చిన్న ఇల్లు కట్టుకున్నాడు. అమ్మానాన్నలను వచ్చేయమన్నాడు. మిద్దె మీద గూడు కూడా తనే కట్టించి, ఫోటో తీసి పంపాడు. ఇంక కాదనడానికి సిద్దప్పకు ఏ సాకూ మిగల్లేదు. పావురాలను తెలిసినవాళ్ళకు పంచేశాడు. మచ్చదాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ముసలి పావురానికి కొత్త మిద్దె ఒప్పదు, వదిలిన రోజే తిరిగొచ్చేస్తుంది, దాని పిల్లల్ని తీసుకుపో, దాన్ని ఇక్కడే వదిలిపెట్టు అని మదనపల్లెలో పావురాలు పెంచే వాళ్ళందరూ చెప్పారు. తనకు అరవై దాటింది, తాను పోవడం లేదా అన్నాడు సిద్దప్ప.

కుప్పంలో మచ్చదాని రెక్క ఈకలు మెత్తటి దారంతో కట్టి, ఎగరకుండా మిద్దె మీద నడిపించాడు. గోడ, నీళ్ళ ట్యాంకు, పక్కింటి కొబ్బరి చెట్టు అన్నీ చూసుకోవాలి గదా అని దాంతోనే మాట్లాడుతూ తిప్పేవాడు. సుప్రజ బడిలో టీచరు. సాయంత్రం వచ్చి కాఫీ గ్లాసు మిద్దె మీదికి తెచ్చిచ్చి, కొత్త కోడలికి అత్తగారింటి చుట్టుపక్కల అంతా చూపించారా మామా అని ఆటపట్టించేది.

ఒకరోజు సుప్రజ ఫోన్ చూస్తూ నవ్వింది. మదనపల్లెకు కుప్పానికి దూరమెంతని వెతికితే ఏదో పేజీ వచ్చిందట. రోడ్డు మీద నూట పది, నూట పదిహేను కిలోమీటర్లు. పైనుంచి తిన్నగా పోతే తొంభై లోపల. ఆ కిందనే విమానంలో ప్రయాణ సమయం పది నిమిషాలని రాసి ఉంది.

"ఏ విమానమమ్మా?" అన్నాడు సిద్దప్ప.

"ఏ విమానమూ లేదు మామా. ఏ రెండూర్ల పేర్లు కొట్టినా ఇది లెక్క వేసి చెప్తుంది."

"ఎక్కేదానికి ల్యాదు, దిగేదానికి ల్యాదు. టైము మాత్రం ఉండాది," అని ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత పుంగనూరు నుంచి బైరెడ్డిపల్లెకు ఎంతో చూడమన్నాడు. చౌడేపల్లె నుంచి కుప్పానికి చూడమన్నాడు. ఆ పేజీ దేనికీ కాదనలేదు. ఈయన తాను పావురాలను వదిలిన ఊర్లన్నీ ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు, సుప్రజ వేలు నొప్పి పుట్టేదాకా.

"ఇన్నేండ్లూ ఎవుర్ని అడిగినా బస్సు దూరమే సెప్పిరి. ఇదమ్మా మచ్చదాని దోవ," అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కాఫీ చల్లారిపోయింది, ఆయన తాగలేదు. పలమనేరు చుట్టూ తిరిగి, వి.కోట మీదుగా మూడు గంటలకు పైగా బస్సులో కూర్చుంటే మదనపల్లె ఎక్కడో వెనక్కి పోయినట్టు ఉండేది ఆయనకు. ఇప్పుడు కోడలి చేతిలో అది ఇంత దగ్గరికి వచ్చి కూర్చుంది.

"దూరమైపాయె గదా, మరిసిపోతాదిలే అనుకుంటి," అన్నాడు. "ఇంత దగ్గరుంటే యాల మరిసిపోతాది?"

ఆయన భయపడినట్టే అయింది. దారం విప్పి వదిలిన మొదటి రోజే మచ్చది ట్యాంకు మీద ఒక్క క్షణం కూర్చుని, పైకి లేచి, ఉత్తరం పట్టింది. మధ్యాహ్నానికి ఈశ్వరమ్మ ఫోన్ చేసింది. బాడుగకున్నోళ్ళు ఖాళీ చేసినా మీ చుట్టం ఖాళీ చెయ్యలేదు సిద్దప్పా, వచ్చి తీసుకుపో అంది. ఆయన పోయి బుట్టలో తెచ్చుకున్నాడు. మళ్ళీ దారం కట్టాడు, మళ్ళీ నడిపించాడు, వేరే పావురాలను తోడు తెచ్చి పెట్టాడు. మళ్ళీ వదిలితే మళ్ళీ మదనపల్లెకే పోయింది.

ఆ రెండోసారి ఆయన బయలుదేరుతుంటే వెంకటలక్ష్మమ్మ గడపలో నిలబడి, పోయేది పావురం కోసమా, ఈశ్వరమ్మ కాఫీ కోసమా అని అడిగింది. మాట నవ్వులాటకే అన్నా, ఆమె ఊరికే అనలేదు. మొదటిసారి పోయినప్పుడు ఆయన సాయంత్రం బస్సుకు తిరిగి రాలేదు. పాత గది ముందర మిద్దె మీద పడుకుని, మర్నాడు కాలేజీ గేటు దాకా నడిచి, వాచ్‌మన్‌తో మాట్లాడి, అప్పుడు బస్సెక్కాడు.

రెండోసారి తిరిగొస్తున్న బస్సులోనే నేను ఆయనకు తగిలింది.

పలమనేరులో బస్సు ఆగినప్పుడు తువ్వాలు పైకెత్తి నాకు మచ్చదాన్ని చూపించాడు. అది నా వైపు చూడలేదు. ఇంక దీన్ని మళ్ళీ తేవడానికి లేదని అప్పుడు చెప్పాడు. ఈశ్వరమ్మ మిద్దె మీద ఇంకో గది వేస్తోంది. గూడున్న చోటే గోడ లేస్తుంది. ఎల్లుండి మేస్త్రీలు వస్తారు. తన చేతుల్తో ఆ చెక్కలు విప్పి వచ్చాడట పొద్దున. ఈసారి గూడు విప్పుతుంటే ఈశ్వరమ్మ పక్కనే నిలబడి ఒక్క ఎకసెక్కం కూడా ఆడలేదని, అదే తనకు కష్టంగా ఉందని అన్నాడు. ఇంకోసారి మచ్చది అటు పోతే దిగడానికి చోటు ఉండదు. తనకు కబురు అంది, బస్సెక్కి పోయేలోపు గోడ మీద కూర్చున్న దాన్ని పిల్లి పడుతుంది, లేకుంటే గద్ద.

అయితే గూట్లోనే ఉంచేయొచ్చు గదా అన్నాను. అందరూ అదే అన్నారన్నాడు. దాన్ని బతికినన్నాళ్ళూ మూసిపెడితే అది తన దగ్గర ఉన్నట్టు కాదు, తాను పట్టుకున్నట్టని ఆయన లెక్క. చెప్పి, తువ్వాలు మళ్ళీ బుట్ట మీద పరిచాడు.

కుప్పం చేరాక సిద్దప్ప తనకు తెలిసిన చివరి ఉపాయం చేశాడు. ఒక పూల అంగడి ఆయన దగ్గర కోడిపుంజులా నడిచే పోతు పావురం ఉంటే తెచ్చి మచ్చదానికి జత చేశాడు. మొదట్లో అది ఆ పోతును ముక్కుతో పొడిచి మూలకు తోసింది. వెంకటలక్ష్మమ్మ దానికి, నువ్వు ఇంకా చిన్నపిల్లవా, ఊరుకో అని బుద్ధులు చెప్పింది. కొన్నాళ్ళకు పోతు పుల్లలు తెచ్చి ఇస్తుంటే మచ్చది వాటిని సర్దడం మొదలుపెట్టింది. రెండు గుడ్లు పెట్టింది.

పావురాల్లో గుడ్ల మీద కూర్చోవడానికి వంతులుంటాయి. పగటిపూట పోతు కూర్చుంటుంది, సాయంత్రం నుంచి తెల్లారేదాకా పెట్ట. ఆ వంతు మీదనే సిద్దప్ప ఆశ పెట్టుకున్నాడు. పోతు కూర్చున్న వేళ మచ్చదాన్ని ఖాళీ కడుపుతో వదలాలి. మేతా ఇక్కడే, గుడ్లూ ఇక్కడే. వంతు వేళకు వస్తే ఇది దాని ఇల్లైనట్టు. రాకపోతే ఇంక లేనట్టే.

ఆ రోజు ఆదివారం. మురళి డ్యూటీకి పోయాడు. ఎండ బాగా పడ్డాక సిద్దప్ప తలుపు తీశాడు. మచ్చది బయటికి వచ్చింది. పిట్టగోడ మీద నడిచింది. రెక్కలు దులుపుకుంది. లేచి ఇంటి చుట్టూ ఒకసారి తిరిగింది, రెండోసారి పెద్ద చుట్టు తిరిగింది. సిద్దప్ప ఈల వేశాడు. అది ఉత్తరం పట్టింది.

ఆయన గూటి పక్కన కింద కూర్చుండిపోయాడు. సుప్రజ అన్నానికి పిలిస్తే రాలేదు.

మధ్యాహ్నం దాటుతుండగా ఈశ్వరమ్మ ఫోన్ చేసింది. మచ్చది వచ్చిందనీ, సగం లేచిన కొత్త గోడ మీద కూర్చుని అటూ ఇటూ చూస్తోందనీ చెప్పింది. ఆదివారం గనక మేస్త్రీలు లేరు. సిద్దప్ప చొక్కా వేసుకుంటూనే, సజ్జలు చల్లక్కా, అది మేతకు కిందికి దిగుతుంది, దిగితే తట్ట మూసేయి, నేను ఈ బస్సుకే వస్తాండాను అన్నాడు. బుట్ట తీసుకుని వీధి చివర ఆటోల దగ్గరికి చేరేలోపు ఫోన్ మళ్ళీ మోగింది.

"సల్లితిని సిద్దప్పా. వంగి సూసింది గానీ దిగలే. గూడుండే కాడికి పోయి ఇటుకల సుట్టూ తిరిగింది. లేసిపాయె."

"ఏ పక్కకక్కా?"

"దిక్కులు నాకేం తెలుసప్పా. మార్కెట్టు పక్కకు కాదు. ఇంకో పక్కకు."

సిద్దప్ప ఆటో ఎక్కలేదు. ఎక్కి ఎక్కడికి పోవాలో తెలియక వెనక్కి వచ్చి మిద్దెక్కాడు. ఆయన ముఖం చూసి ఆడవాళ్ళిద్దరూ వెనకే ఎక్కారు. ముగ్గురూ పిట్టగోడ దగ్గర నిలబడి ఉత్తరం వైపు చూస్తూ ఉండిపోయారు. మదనపల్లె నుంచి బస్సులో రావడం తప్ప మచ్చది ఎప్పుడూ ఇటు వైపు రాలేదు. పుంగనూరు పైనుంచో, ఏ కొండ పక్కనుంచో, దానికి ఇటు దోవ ఉందో లేదో ఎవరికీ తెలియదు. సుప్రజ ఫోన్ తీసి, పావురం గంటకు ఇంత ఎగిరితే ఈ తొంభైకీ అని లెక్క మొదలుపెట్టింది.

"వద్దులేమ్మా," అన్నాడు సిద్దప్ప మెల్లగా. "ఆ లెక్క వస్తాండేదానికి. ఇది వస్తాండాదో లేదో మనకు తెలీదు గదా."

సుప్రజ ఫోన్ గోడ మీద బోర్లించి ఆయన పక్కన నిలబడింది. ఆ తర్వాత ఆకాశంలో ఏ చుక్క కనిపించినా ముగ్గురూ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. రెండుసార్లు గద్ద. ఒకసారి ఎవరో పిల్లలు వదిలిన గాలిపటం. లోపల పోతు తన వంతు అయిపోయినట్టు లేచింది. గూటి వాకిలి దాకా వచ్చి కూత పెట్టింది. గుడ్లు చల్లారిపోతాయని వెంకటలక్ష్మమ్మ గాబరా పడింది. పోతు కాసేపు అక్కడే తిరిగి, మళ్ళీ పోయి కూర్చుంది.

మచ్చది వచ్చినప్పుడు ముగ్గురిలో ఎవరూ పైకి చూడటం లేదు. సుప్రజ కిందికి దిగి నీళ్ళు తెస్తానని తిరిగింది, ట్యాంకు పక్కనుంచి ఏదో తగ్గుగా వచ్చి గూటి పలక మీద వాలింది. చుట్టు తిరగలేదు, అటూ ఇటూ చూడలేదు. ముక్కు తెరుచుకుని ఉంది. నీళ్ళ మూకుట్లో తల పెట్టి ఎత్తకుండా తాగింది. తర్వాత లోపలికి నడిచింది. పోతు లేచి పక్కకు జరిగింది. అది రెండు గుడ్లనూ ముక్కుతో కడుపు కిందికి తోసుకుని, ఒళ్ళు పొంగించి కూర్చుంది.

సిద్దప్ప గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. చాలాసేపు ముఖం మీద నుంచి తువ్వాలు తియ్యలేదు.

అప్పుడు వెంకటలక్ష్మమ్మ చెప్పింది. ఆమె అంతసేపూ ఆ మాట నోట్లో పెట్టుకునే నిలబడి ఉంది.

"పొద్దున నువ్వు నీళ్ళు పోసుకుంటాండేటప్పుడు దానికి సజ్జలు పెడ్తిని. దోసిలి నిండా. గుడ్లు పెట్టిన తల్లిని ఒట్టి కడుపుతో పంపేదానికి నాకు మనసు రాల్యా."

సిద్దప్ప తువ్వాలు తీసి ఆమె వైపు చూశాడు. తిడతాడనుకుంది సుప్రజ. ఆయన లెక్క వేసుకుంటున్నాడు. కడుపు నిండా ఉండబట్టి ఈశ్వరమ్మ చల్లిన సజ్జలకు అది దిగలేదు. దిగుంటే ఆమె తట్ట మూసేసేది, తాను బుట్ట తీసుకుని పోయేవాడు, ఇక్కడ గుడ్లు చల్లారిపోయేవి. అది దిగకుండా కూర్చుని గూడు లేదని చూసుకుని, వంతు వేళైందని లేచింది. రానూ పోనూ ఎగిరే బలం ఆ దోసిట్లోదే.

"నేను ఆకలితో వదిలింటే ఆడ్నే ఉండిపోయుండు," అన్నాడు చివరికి.

"ఇన్నేండ్లకు ఒక్క మాట ఒప్పుకుంటివి," అంది వెంకటలక్ష్మమ్మ. "ఇప్పుడు లెయ్యి, నువ్వూ పొద్దున్నుంచి ఒట్టి కడుపే."

కిందికి దిగే ముందర గూటి తలుపు వేసేదా అని ఆమె అడిగింది. ఆయన ఆలోచించి, కుక్కలూ పిల్లులూ లోపలికి రాకుండా జాలీ మాత్రం దించమన్నాడు. తెల్లారి తానే ఎత్తుతానన్నాడు.

అన్నం ముందర కూర్చున్నాక ఈశ్వరమ్మ గుర్తొచ్చింది. సిద్దప్ప ఫోన్ చేశాడు గానీ ఆమె గొంతు వినగానే దాన్ని భార్య ముందుకు చాచాడు. వెంకటలక్ష్మమ్మ ఎడమచేత్తో ఫోన్ తీసుకుంది.

"వచ్చిండాదక్కా. గుడ్ల మింద కూసోనుండాది," అంది. అవతల ఏదో అంటే వింది. "అయ్యో, ఇంతసేపూ మిద్దె మిందనే నిలబడుకోనుండావా? దిగక్కా, దిగి అన్నం తిను పో. ఇంక నీ మిద్దెకు రాదులే అది."

వెంకటలక్ష్మమ్మ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆగింది.

"మేము వస్తాంలే అక్కా," అంది తర్వాత. "పావురం లేకపోతే మమ్మల్ని రానియ్యవా ఏంది?"